ఒక్క లింకు పోతే సైకిలే మార్చాలట!

ఇప్పుడే సైకిల్ షాపు నుంచి వచ్చాను. బీపీ ఇంకా దిగలేదు.

మా అమ్మాయి గేర్ల సైకిల్ చైను తెగింది. తెగింది అంటే ఒక్కటంటే ఒక్క లింకు. బయటి వైపు రేకు పిన్ను దగ్గర చీలి విడిపోయింది. షాపు కుర్రాడు చైనును చేత్తో కూడా ముట్టుకోలేదు. ఫోన్ టార్చి వేసి చూసి "సెట్ మొత్తం పోయింది సార్" అనేశాడు. చైను, వెనక గేర్ల చక్రాలు, ముందు పళ్ల చక్రం, పైన లేబర్, అన్నీ కలిపి 3,400. నేను నోరు తెరిచేలోపే ఇంకో ఉచిత సలహా. "దీని మీద పెట్టే బదులు కొత్తది తీసుకోండి సార్, జీఎస్టీ 12 నుంచి 5కి తగ్గింది కదా!"

ఆహా, ప్రభుత్వం పన్ను తగ్గించింది మా సైకిల్ని తుక్కులో వేయించడానికన్నమాట.

ఇంటికొచ్చి స్కేలు పెట్టి చూశాను. సైకిల్ చైనులో పిన్నుకీ పిన్నుకీ మధ్య అరంగుళం. చైను లాగి పట్టుకుని కొలిస్తే 24 లింకులు సరిగ్గా 12 అంగుళాలు రావాలి. అంగుళంలో పదహారో వంతు ఎక్కువొస్తే చైను మార్చుకోవాలి. ఎనిమిదో వంతు దాకా పోతే వెనక పళ్లు కూడా అరిగిపోయినట్టే. మాది పిన్ను సరిగ్గా గీత మీద కూర్చుంది. ఆ చీలిన బయటి లింకు తీసేసి అక్కడ చైన్ లాకు, అంటే తెగిన రెండు కొసల్నీ కలిపే చిన్న లింకు, ఒకటి బిగిస్తే సరి, పొడవు కూడా మారదు. 1880లో ఇంగ్లండులో హాన్స్ రెనాల్డ్ ఈ బుష్ రోలర్ చైనుకు పేటెంట్ తీసుకున్నాడు. అప్పట్నుంచీ దేనికది ఊడదీసుకునే వస్తువు ఇది. ఏసీ షాపులోకి రాగానే అతుక్కుపోయింది పాపం.

మా రోడ్డు మలుపులో ఒక పెద్దాయన పంక్చర్ డబ్బా ఉండేది. పాత మేకు, సుత్తి, కింద ఒక ఇనుప ముక్క. టక్కుమని పిన్ను బయటికి కొట్టి, నోట్లో బీడీ తీయకుండానే మళ్లీ బిగించేసేవాడు. రోడ్డు వెడల్పులో ఆ డబ్బా తీసేయించారు. ఇప్పుడక్కడ ఏముందనుకున్నారు? కార్ వాష్!

కార్లంటే గుర్తొచ్చింది. అసలు ఆ లింకు ఎందుకు చీలింది? తుప్పు పట్టి. తుప్పు ఎందుకు పట్టింది? మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ పుణ్యాన. కింద స్టిల్ట్ పార్కింగ్‌లో గోడవారగా పిల్లల సైకిళ్లుండేవి. "విజిటర్స్ ముందు లుక్ బాగోవట్లేదు" అని సెక్రటరీ గారు వాటన్నిటినీ సంపు పక్కన ఆరుబయట పడేయించారు. వాన పడితే వాన, ట్యాంకర్ వస్తే ట్యాంకర్ నీళ్లు. లుక్ బాగుపడిన ఆ గోడవారన ఇప్పుడేముందయ్యా అంటే ఆయన రెండో కారు. కవరు కప్పుకుని హాయిగా పడుకుంది. ఫ్లాటుకు ఒక్క పార్కింగే అని కాగితం మీద రాసుకున్నది ఎవరికండీ, సైకిళ్లకా?

ఇదే హైదరాబాదులో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ కట్టి, పైన సోలార్ పలకల కప్పు కూడా వేశారు, 2023లో. ఆదివారం పొద్దున కారు వెనక సైకిల్ కట్టుకుని అక్కడిదాకా వెళ్లి, నీడలో తొక్కి, ఫోటో పెట్టేవాళ్లలో మా సెక్రటరీ గారు కూడా ఒకరు. హెల్మెట్, గ్లౌజులు, "గో గ్రీన్" అని క్యాప్షన్. ఆయన సైకిల్ మాత్రం ఫ్లాట్ లోపల బాల్కనీలో ఉంటుంది, తడవకుండా! రోజూ ట్యూషన్‌కి తొక్కుకుంటూ వెళ్లే పిల్లలవి మాత్రం సంపు పక్కన.

కిందటి మీటింగులో రేకుల షెడ్డు వేయమంటే ఫండ్స్ లేవన్నారు. లాబీలో ఫౌంటెన్‌కి ఉన్నాయి. ఆ ఫౌంటెన్ కూడా మొదటివారమే ఆగిపోయింది, అది వేరే పోస్టు.

లాకు ఆర్డర్ పెట్టాను. దాని ఖరీదు, కొరియర్ చార్జీ రెండూ తీసేసుకుని మిగతా మెయింటెనెన్స్ కడతా. రసీదులో "తుప్పు తగ్గింపు" అని రాసివ్వమనండి సెక్రటరీ గారిని.