మేనమామ పోలిక

తెలివి వంశం నుంచి వస్తుందా, పెరిగిన వాతావరణం నుంచి వస్తుందా అన్న వివాదం, ప్రతిభ వంశపారంపర్యమేనంటూ 1869లో ఫ్రాన్సిస్ గాల్టన్ పుస్తకం రాసిన నాటి నుంచీ నలుగుతూనే ఉన్నా, మన బడుల స్టాఫ్ రూముల్లో అది ఏనాడో తేలిపోయింది. ర్యాంకు వస్తే బడి వాతావరణం, రాకపోతే వాడి వంశం. ఇళ్లలో ఈ సిద్ధాంతాన్ని మరికొంత సూక్ష్మంగా అన్వయించి, మార్కులు వస్తే తండ్రి పోలిక, తప్పితే మేనమామ పోలిక అని నిర్ధారిస్తారు. పాపం, బఠాణీ మొక్కలు పెంచి వంశపారంపర్య సూత్రాలు కనిపెట్టిన మెండెల్! ఆ మొక్కలకు మేనమామలుండరు కనుక ఆయనకు ఈ సూత్రం అందలేదు.

వంశం పాత్ర లేదని కాదు. కవలలపై జరిగిన అధ్యయనాలు దాన్ని గట్టిగానే చూపాయి. కాని ఒకే బస్తా విత్తనాన్ని సగం కాలువ మొదట్లోనూ, సగం నీరందని శివారు భూముల్లోనూ చల్లి, శివారు పంట ఎండితే విత్తనాన్ని తిట్టే రైతు ఇంకా పుట్టలేదు. ఆ పని బడికి వదిలేశాడు.

1905లో పారిస్‌లో ఆల్‌ఫ్రెడ్ బినే, థియోడోర్ సిమోన్ తెలివికి పరీక్ష తయారుచేసింది, ఎవరికి అదనంగా చెప్పాలో తెలుసుకోవడానికి. మనం దాన్ని సంస్కరించి, ఎవరికి చెప్పనక్కరలేదో తేల్చుకోవడానికి వాడుతున్నాం: చేయి తిరిగిన లెక్కల మాస్టారు ‘ఎ’ సెక్షనుకు, నిన్న చేరిన కుర్రవాడు ‘సి’ సెక్షనుకు. అమెరికాలో రోసెంతాల్, జాకబ్సన్‌లు ఓ బడిలో చీటీలు తీసినట్టు కొందరు పిల్లలను ఎంచి, వీళ్లు ఈ ఏడు బాగా ఎదుగుతారని టీచర్లకు చెబితే, చిన్న తరగతుల్లో ఆ పిల్లల స్కోర్లు మిగతావాళ్లకన్నా పెరిగాయని 1968లో ప్రకటించారు. ఆ ఫలితంపై పండితులు ఇప్పటికీ తగవులాడుతున్నారు. మనం మాత్రం దాన్ని తిరగేసి, ఏటా జూన్‌లో, ఎవరి అనుమతీ లేకుండా నిర్వహిస్తున్నాం.

మొన్న ఒక తల్లిదండ్రుల సమావేశంలో ఏడో తరగతి టీచరు, “వాళ్లన్నకీ నేనే చెప్పానండీ, వాడూ ఇంతే” అని తీర్పు చెబుతుంటే, పిల్లవాడు సంచి పట్టీ దారం లాగుతూ నిలబడ్డాడు. వాడిది చివరి బెంచీ; తలుపు తీసి ఉంటే బోర్డు సగం కనిపించదు. ప్రశ్న అడిగి నాలుగు క్షణాలు ఆగడం, తప్పుకు ఇంటూ కొట్టే ముందు ఏ మెట్టు దగ్గర జారాడో చూడడం, కనీసం బెంచీ మార్చడం వంటి చిట్కాలున్నాయి గాని, అవి వంశం పరువు తీసే ప్రమాదం ఉంది.

తల్లి బతిమాలగా వాణ్ని రెండో బెంచీకి మార్చారు. తర్వాతి యూనిట్ టెస్టులో లెక్కల్లో పాతికకు పంతొమ్మిది. ఆ సాయంత్రమే తండ్రిగారు వాడి ముక్కు అచ్చం తమ నాన్నగారిదేనని కనిపెట్టారు.