రేటింగ్ చూసి ఇల్లు కొన్నాం, ఆ తర్వాత?

ఉత్తర టెక్సాస్‌లో మన తెలుగువాళ్లు ఇల్లు వెతికే పద్ధతి దాదాపు అందరిదీ ఒకటే. ముందు స్కూలు రేటింగ్, తర్వాత ఇల్లు ఏ ఎలిమెంటరీ కిందికి వస్తుందన్నది, ఆ తర్వాతే తూర్పు ముఖమా కాదా అన్నది. ఇందులో తప్పేమీ లేదు. నాకు నచ్చనిది ఆ తర్వాతి సంగతి. ఇంట్లో దిగి ఏళ్లు గడిచినా ఆ స్కూలును మనం కొనుక్కున్న వస్తువులాగే చూస్తాం. బాగుంటే గొప్పగా చెప్పుకుంటాం, బాగోకపోతే గ్రూపులో తిడతాం, మరీ బాగోకపోతే ఇల్లు అమ్మేసి ఇంకా ఉత్తరాన ఉన్న ప్రాస్పర్‌కో సెలైనాకో వెళ్లిపోతాం. దాని మంచిచెడ్డలు చూసుకోవాల్సినవాళ్లలో మనమూ ఉన్నామని తోచదు.

ఇన్నాళ్లూ ఇలా చెల్లిపోయింది. ఎందుకంటే ఇక్కడ కొత్త స్కూళ్లు తెరవడమే చూశాం గాని ఉన్నవి మూతపడటం చూడలేదు. 2024 జూన్‌లో ప్లేనో ఐఎస్‌డీ (స్కూల్ డిస్ట్రిక్ట్) బోర్డు ఒకేసారి నాలుగు స్కూళ్లు మూసేయాలని తీర్మానించింది. రెండు ఎలిమెంటరీ, రెండు మిడిల్. కొప్పెల్‌లో పింకర్టన్ ఎలిమెంటరీ, ఫ్రిస్కోలో స్టేలీ మిడిల్ స్కూల్ కూడా 2024-25 విద్యా సంవత్సరంతో ఆగిపోయాయి. కారణాలు దాచినవేమీ కాదు. జననాలు తగ్గాయి. పాత కాలనీల్లో పిల్లలు పెద్దవాళ్లై వెళ్లిపోయినా తల్లిదండ్రులు అక్కడే ఉంటున్నారు. చిన్న పిల్లలున్న కుటుంబాలు ఆ ధరలు భరించలేక ఇంకా ఉత్తరానికి జరుగుతున్నాయి. దాంతో ఒకచోట గదులు ఖాళీ, ఇంకోచోట పోర్టబుల్ గదుల్లో తరగతులు.

స్కూలు మూసే నిర్ణయం రాత్రికి రాత్రి జరగదు. నెలల తరబడి కమిటీలు కూర్చుంటాయి, సర్వేలు ఈమెయిల్‌లో వస్తాయి, బోర్డు సమావేశాల్లో చర్చ నడుస్తుంది. మన గ్రూపుల్లో మాత్రం విషయం పొక్కేది ఓటింగ్ అయిన మర్నాడే. ఇక ఆ రోజు గ్రూపు చూడాలి! ఎంత ఆవేదన, ఎన్ని వాయిస్ మెసేజ్‌లు. అందులో సగం సందేహాలకు జవాబు మనం తెరవని ఈమెయిల్‌లోనే ఉంటుంది.

డబ్బు గురించి కూడా తెలుసుకోకుండానే మాట్లాడేస్తుంటాం. "స్టేడియానికి డబ్బుంటుంది, టీచర్లకు మాత్రం ఉండదు" అన్న మాట ప్రతి గ్రూపులోనూ వినిపిస్తుంది. ఉదాహరణగా అలెన్ హైస్కూలు స్టేడియం ఉండనే ఉంది. 6 కోట్ల డాలర్లు పోసి 2012లో తెరిచారు, రెండేళ్లు తిరక్కుండానే కాంక్రీటు పగుళ్లిచ్చి మూసి బాగుచేయాల్సి వచ్చింది. కోపం న్యాయమే, లెక్క మాత్రం వేరు. టెక్సాస్‌లో స్కూలు పన్ను రెండు జేబుల్లోకి వెళుతుంది. ఒకటి రోజువారీ నిర్వహణకు, అంటే జీతాలకు, కరెంటుకు. రెండోది ఓటర్లు ఒప్పుకున్న బాండ్ల అప్పు తీర్చడానికి, అంటే భవనాలకు, పరికరాలకు. రెండో జేబులోది తీసి జీతాలకు వాడటానికి చట్టం ఒప్పుకోదు. కాబట్టి బాండును ఓడించినంత మాత్రాన టీచరు జీతం పెరగదు. బాండు వద్దనడానికి వేరే మంచి కారణాలు ఉండొచ్చు, ఇది మాత్రం కాదు.

ఇక మొదటి జేబు సంగతి. ఒక్కో విద్యార్థికి లెక్కగట్టే ప్రాథమిక మొత్తం 2019 నుంచి 6,160 డాలర్ల దగ్గరే ఆగిపోయి, 2025లో 55 డాలర్లు పెరిగింది. టీచర్ల జీతాలకు వేరుగా కొంత ఇచ్చారనుకోండి. ఆస్తుల విలువ ఎక్కువగా ఉన్న డిస్ట్రిక్ట్‌లు స్థానికంగా వసూలైన పన్నులో కొంత రాష్ట్రానికి తిరిగి కట్టాలి. 1993 నుంచి ఉన్న ఈ పద్ధతిని అందరూ రాబిన్ హుడ్ అంటారు. ప్లేనో అలా కడుతూ వచ్చిన డిస్ట్రిక్ట్‌లలో ఒకటి. పైగా నిధులు లెక్కించేది రిజిస్టరులో ఉన్న పేర్లను బట్టి కాదు, రోజువారీ హాజరు సగటును బట్టి. డిసెంబరులో టికెట్ చౌకగా దొరికిందని సెలవులకు రెండు వారాల ముందే పిల్లల్ని ఇండియా తీసుకెళ్లే ఇళ్లు మనలో ఎన్నో. తీసుకెళ్లొద్దని నేను అనను, అమ్మమ్మను చూసుకోవడమూ చదువే. తిరిగొచ్చాక స్కూలు బడ్జెట్ కోతల మీద ఉపన్యాసం ఇవ్వకపోతే చాలు.

"మాకు ఓటు లేదు కదండీ" అన్నది అన్నిటికన్నా బలమైన అభ్యంతరం. నిజమే. గ్రీన్ కార్డు క్యూలో పదేళ్లకు పైగా నిలబడ్డవాళ్లు ఇంటి పన్ను మాత్రం పైసా తగ్గకుండా కడుతున్నారు. శాన్‌ఫ్రాన్సిస్కో ఓటర్లు 2016లో పౌరులు కాని తల్లిదండ్రులకు కూడా స్కూలు బోర్డు ఎన్నికల్లో ఓటు ఇచ్చారు. మేరీల్యాండ్‌లోని టకోమా పార్క్ నగరం తన స్థానిక ఎన్నికల్లో 1990లలోనే ఆ పని చేసింది. టెక్సాస్‌లో అలాంటిదేమీ లేదు. అందుకే పౌరసత్వం లేనివాళ్లు ఏ ఫారంలోనైనా ఓటరు నమోదు గడి దగ్గర పొరపాటున కూడా టిక్ పెట్టొద్దు, ఇమ్మిగ్రేషన్ దగ్గర అది చాలా పెద్ద చిక్కు.

మాట్లాడటానికి మాత్రం పౌరసత్వం అక్కర్లేదు. 2019లో వచ్చిన రాష్ట్ర చట్టం ప్రకారం, అజెండాలో ఉన్న అంశాన్ని బోర్డు చేపట్టే ముందో, చర్చిస్తున్నప్పుడో జనం మాట్లాడటానికి అవకాశం ఇచ్చి తీరాలి. చాలాచోట్ల మనిషికి మూడు నిమిషాలు. అనువాదకుడి సాయంతో మాట్లాడేవారికి కనీసం దానికి రెట్టింపు సమయం ఇవ్వాలని కూడా అదే చట్టంలో ఉంది. దీన్ని మన ఇళ్లలో ఎవరూ వాడుకోగా నేను చూడలేదు.

ఓటున్నవాళ్ల కథ ఇంకా చిత్రం. ప్రెసిడెంట్ ఎన్నికకు లైన్లో నిలబడి స్టికర్ ఫొటో పెడతాం. మే మొదటి శనివారం ఇక్కడ చాలా చోట్ల సిటీ కౌన్సిల్‌కూ స్కూలు బోర్డుకూ ఎన్నిక ఉంటుందంటే "అవునా?" అంటాం. మే 15 మాత్రం ఎవరూ మరచిపోరు, అది ఇంటి విలువ మీద ప్రొటెస్ట్ వేయడానికి గడువు. ఆ విలువ కట్టే అప్రైజల్ డిస్ట్రిక్ట్ బోర్డులో మూడేసి సీట్లకు పెద్ద కౌంటీల్లో 2024 మేలో తొలిసారి ఎన్నిక జరిగింది. ప్రొటెస్ట్ వేసినవాళ్లలో ఎంతమంది ఆ ఓటు వేశారో మీ వీధిలో అడిగి చూడండి.

పార్కుల విషయంలో కుర్రాళ్లు మనకన్నా నయం. ఈ చుట్టుపక్కల సిటీ పార్కుల్లో క్రికెట్ పిచ్‌లు ఉన్నాయంటే ఎవరో పనిగట్టుకుని వెళ్లి అడగబట్టే. పార్కును ఎక్కువగా వాడే పెద్దవాళ్ల తరఫున మాత్రం అడిగేవాళ్లు లేరు. ఆరు నెలలు ఉందామని వచ్చిన నాన్నగారికి నడిచే దారిలో నీడ, కూర్చోవడానికి బెంచీ, దగ్గర్లో బాత్‌రూమ్ కావాలి. అసలు పార్కుదాకా వెళ్లడానికి బస్సు కావాలి. ఫ్రిస్కో, అలెన్, మెకిన్నీ బస్సులూ రైళ్లూ నడిపే డార్ట్ సంస్థలో సభ్యులు కావు. అమ్మకపు పన్ను 8.25 శాతం దాటకూడదు. రాష్ట్రానికి 6.25 పోగా మిగిలే 2 శాతంలోంచే డార్ట్ సభ్య నగరాలు 1 శాతం దానికి ఇస్తాయి. ఫ్రిస్కో లాంటివి ఆ డబ్బును ఆర్థికాభివృద్ధికి, పార్కుల వంటి వాటికి పెట్టుకున్నాయి. వాళ్ల లెక్కలు వాళ్లకున్నాయి. కానీ ఆ లెక్క వేసేటప్పుడు వేసవంతా ఇంట్లో బందీలైన మన అమ్మానాన్నల మాట ఎవరి చెవినా పడలేదు.

ఇంకో చిక్కు, ఎవరిని అడగాలన్నది. ఈతకొలను హెచ్‌ఓఏది (ఇళ్ల యజమానుల సంఘానిది), రోడ్డు సిటీది, స్కూలు ఐఎస్‌డీది, సిటీ హద్దు దాటితే నీళ్లు మడ్ అనే ప్రత్యేక నీటి సరఫరా డిస్ట్రిక్ట్‌వి కావచ్చు. చిరునామాలో ఫ్రిస్కో అని ఉన్నంత మాత్రాన పిల్లలు ఫ్రిస్కో ఐఎస్‌డీలో చదువుతారని లేదు. ఇది తెలియక హెచ్‌ఓఏ చేయాల్సిన పనికి సిటీని తిట్టి ఊరుకుంటున్నాం.

మన తెలుగు సంఘానికి నాదొక సూచన. ఉగాది వేదిక మీద మేయర్‌గారికి శాలువా కప్పుతూనే ఉందాం, కాదనను. దాంతోపాటు ఒక్కో ఐఎస్‌డీకీ సిటీకీ ఒక వాలంటీరును పెడదాం. అజెండా ఇప్పుడు సమావేశానికి కనీసం మూడు పనిదినాల ముందే బయటపెట్టాలి. అది చదివి, మనకు సంబంధించింది ఉంటే తెలుగులో నాలుగు లైన్లు గ్రూపులో వేయడమే వారి పని. ఆ నీడ, బెంచీ సంగతి సిటీ కౌన్సిల్ అజెండాలో వచ్చిన రోజున ఒక పెద్దాయననో పెద్దావిడనో తీసుకెళ్లి తెలుగులోనే మాట్లాడిద్దాం. మూడు నిమిషాలకు ఆరు నిమిషాలు దొరుకుతాయి. అనువాదానికి మన హైస్కూలు పిల్లలు చాలు, వాళ్లకు వాలంటీర్ గంటలు కూడా కలిసొస్తాయి.