180 రకాల మెనూ, నాలుగు గంజుల గ్రేవీ

హన్మకొండల కూసొని తినేందుకు మంచి రెస్టారెంటు ఏదని అడిగేటోళ్లకు ఒక్కటే చెప్త: లోపలికి పోంగనే మెనూ పేజీలు లెక్కపెట్టున్రి. దీపాలు, గోడకు అంటించిన ప్లాస్టిక్ తీగలు, ఫొటోల కోసం పెట్టిన ఊయల తర్వాత చూడొచ్చు. పన్నెండు పేజీల మెనూ చేతుల పెడితే, ఆ వంటింట్ల ఏం నడుస్తున్నదో సగం అక్కడనే తెలుస్తది.

నక్కలగుట్ట, సుబేదారి, హంటర్ రోడ్డు, ఎటు చూసినా ఈ ఐదారేండ్ల పోకడ ఒక్కటే. పంజాబీ కూరలు, చైనీస్, తందూరీ, పాస్తా, పిజ్జా, అరబ్బు మందీ, ఆఖర్ల ‘తెలంగాణ స్పెషల్’ అని ఒక పేజీ. అన్నీ కలిపితే 150 నుంచి 180 రకాలు. 70 కుర్చీల హోటల్ల వంట మాస్టర్లు ఎందరుంటరు? తందూరు దగ్గర ఒకరు, చైనీస్ కడాయి మీద ఒకరు, కూరలకు ఇద్దరు, బిర్యానీకి ఒకరు, కోసిపెట్టే పిల్లలు ఇద్దరో ముగ్గురో. గింత మంది గన్ని రకాలు ఎట్ల వండుతరు? వండరు. కలుపుతరు.

కూరల పేజీ మొత్తం నాలుగు గంజుల మీద నడుస్తది. ఉల్లిగడ్డ వేయించి చేసిన గోధుమ రంగు గ్రేవీ, టమాట-వెన్నతోటి ఎర్రది, జీడిపప్పు-మగజ్ గింజలు (పుచ్చ, కర్బూజ లాంటి పండ్ల గింజల పప్పు) ఉడకబెట్టి నూరిన తెల్లది, పాలకూరతోటి పచ్చది. గోధుమ రంగుదాంట్ల క్యాప్సికం, దంచిన ధనియాలు పడితే కడాయి, ఎండుమిర్చి పడితే కొల్హాపురి. తెల్లదాంట్ల కోడిగుడ్డు పడితే మొగలాయి, ఇంత కుంకుమపువ్వు పేరు చెప్తే షాహీ. పనీర్, చికెన్, పుట్టగొడుగు మారుతయి, గంజు మారదు.

గ్రేవీ ముందే చేసిపెట్టుకునుడు తప్పు కాదు. పెద్ద హోటళ్లన్నీ చేస్తయి, లేకపోతే 20 నిమిషాల్ల కూర టేబుల్ మీదికి రాదు. తప్పు ఎక్కడంటే, పొద్దున చేసిన గ్రేవీ ఆ రాత్రికి అయిపోవాలె, లేదా తెల్లారి అయిపోవాలె. 180 రకాలకు గిరాకీ సమంగా ఉండది గాబట్టి ఎర్రది రోజూ ఖాళీ అయితది, పచ్చది, తెల్లది మూడో రోజు దాక ఫ్రిజ్‌ల కూసుంటయి. పైగా 20 లీటర్ల గంజును వేడివేడిగ అట్లనే ఫ్రిజ్‌ల పెడతరు. పైన చల్లగైతది, నడుమ గంటల తరబడి గోరువెచ్చగనే ఉంటది. వండింది 60 డిగ్రీల పైనన్న ఉండాలె, 5 డిగ్రీల కిందనన్న ఉండాలె, నడుమ ఎంత సేపుంటే అంత క్రిములు పెరుగుతయి. గ్రేవీని రెండు అంగుళాల లోతు కూడ దాటకుండ వెడల్పు ట్రేలల్ల పోసి చల్లార్చి, తర్వాత ఫ్రిజ్‌ల పెట్టాలె. ట్రేలకు, ర్యాకులకు అయ్యే ఖర్చు ఊయల ఖర్చు కంటే తక్కువే.

నిలవ గ్రేవీని నాలుక మీద పట్టుకునుడు కష్టమేం కాదు. ఉల్లిగడ్డ ముద్ద నిలవైతే పులుపెక్కుతది. ఆ పులుపును కప్పేందుకు చక్కెర, క్రీము, గుప్పెడు కసూరీ మేతి (ఎండబెట్టిన మెంతాకు) వేస్తరు. రెండు వేరువేరు కూరలు చెప్పినప్పుడు రెండూ తియ్యగుండి, రెండిట్ల అదే మేతి వాసనొస్తే ఇగ మూడోది చెప్పకున్రి. పప్పు, జీరా రైస్ తెప్పించుకొని లేవున్రి. పప్పుల పోపు అప్పటికప్పుడు పడాల్సిందే, దాంట్ల మోసం చేసే జాగ తక్కువ.

ఇప్పుడు ‘బ్రాసరీ’ అనే మాట. బోర్డుల మీద ఈ పేరు రాసుకునుడు ఫ్యాషనైంది గాని, ఆ మాటకు ఫ్రెంచిల అసలర్థం బీరు కాచే చోటు. 1870 యుద్ధంల ఫ్రాన్స్‌కు చెందిన ఆల్సేస్ ప్రాంతం జర్మనీ చేతికి పోయినంక అక్కడోళ్లు చానామంది పారిస్‌కు వచ్చి, తమ బీరు, పులిసిన క్యాబేజీ, పంది మాంసం కూర తోటి ఈ తీరు హోటళ్లను విస్తరింపజేసిన్రు. 1880ల మొదలైన బ్రాసరీ లిప్ ఇప్పటికీ నడుస్తున్నది. బ్రాసరీ అంటే ఖరీదైన అలంకారం కాదు. పొద్దటి నుంచి రాత్రి దాక తెరిచి ఉండుడు, చిన్న మెనూ, రోజూ అవే వంటలు, ఎన్నడు పోయినా అదే రుచి. మన దగ్గర పేరు తీసుకున్నరు, ఆ చిన్న మెనూను మాత్రం అక్కడనే వదిలేసిన్రు.

ఆ పేరు పెట్టుకున్నోళ్లను పరీక్షించాలంటే ఫ్రెంచ్ ఉల్లిగడ్డ సూపు చాలు. సన్నగ కోసిన ఉల్లిగడ్డను వెన్నల, సన్న మంట మీద, 45 నిమిషాల నుంచి గంట దాక కలుపుకుంట పోవాలె. కిలో ఉల్లిగడ్డ పావుకిలోకు దిగుతది, అప్పుడు ఆ తేనె రంగు, ఆ తీపి దానంతటదే వస్తది. మంట పెంచితే అంచులు మాడి చేదెక్కుతది. అంత ఓపిక లేనోళ్లు చక్కెర, సోయాసాసు వేసి రంగు తెస్తరు, చిక్కదనానికి కార్న్‌ఫ్లోర్ పోస్తరు. గిన్నె అడుగున ఉల్లిగడ్డ పోగులు తెల్లగ, కరకరమంటుంటే అది ఐదు నిమిషాల సూపు. గదే వంటింటి నుంచి స్టేక్ తెప్పించుకునుడు పైసలు నీళ్లల పోసుడే.

చేపల కాడికొస్తే కోపం ఇంకింత ఎక్కువ. కొర్రమట్ట మన రాష్ట్ర చేప. గాలి పీల్చి బతికే చేప గాబట్టి అంగట్ల బతికున్నదే దొరుకుతది, తాజాదనానికి వేరే సర్టిఫికెట్ అక్కర్లేదు. చెరువుల జిల్లాల ఉండుకుంట అపోలో ఫిష్ అని గడ్డకట్టిన బాసా ముక్కలు పెడుతున్నరు. కారణం సులువు: కొర్రమట్ట తలకాయ, తోలు, ముల్లు తీస్తే చేతికొచ్చే మెత్తటి మాంసం సగానికి తక్కువే, బాసా కోసి, శుభ్రం చేసి, ప్యాకెట్ల వస్తది. తేడా పట్టుకునేది పై పిండి తీసి చూస్తే. కొర్రమట్ట ముక్క గట్టిగ, పొరలు పొరలుగ విడిపోతది. బాసా నీళ్లూరి, మెత్తగ, నోట్ల ముద్దైతది. "తమ్మీ, ఇది కొర్రమట్టనా, బాసానా?" అని ముందుగాలనే అడుగున్రి. బాసా తినుడు పాపమేం కాదు. బాసాకు కొర్రమట్ట ధర కట్టుడు ఎందుకన్నదే లొల్లి.

రంగు గురించి సుత చెప్పాలె. తందూరీ కోడి రక్తం లెక్క ఎర్రగ మెరుస్తున్నదంటే, చెయ్యి కడిగినంక వేళ్లకు రంగు మిగిలితే, అది మిర్చి రంగు కాదు. కబాబులల్ల, కూరలల్ల కృత్రిమ రంగు కలుపుడు ఆహార భద్రతా నిబంధనల ప్రకారం కుదరదు. ఎనుమాముల మిర్చి మార్కెట్టు పెట్టుకొని ఈ ఊర్ల రంగు డబ్బా కొనుడు అసలే సిగ్గుచేటు. చపాటా మిర్చికి ఎరుపు ఎక్కువ, కారం తక్కువ, 2025ల భౌగోళిక గుర్తింపు సుత వచ్చింది. గింజలు తీసి వేడినీళ్లల అరగంట నానబెట్టి మెత్తగ నూరి పెరుగుల కలిపితే ముక్కకు ఏ డబ్బా ఇయ్యని రంగు వస్తది. కారం కావాలంటే కొంచెం తేజ మిర్చి కలుపుకోవచ్చు.

బిర్యానీ మీద ఒక్కటే ముచ్చట. పచ్చి మాంసం మీద అన్నం పరిచి దమ్ము పెట్టే హండీకి గంట పడుతది, తెరిచినంక రెండు గంటలు మంచిగుంటది. పన్నెండున్నరకు తెరిచిన హండీల నుంచి మూడున్నరకు తీసిచ్చేది అడుగు గట్టిపడ్డ అన్నం. రాత్రి తొమ్మిదిన్నరకు ‘బిర్యానీ అయిపోయింది సార్’ అనే హోటల్ మీద మనోళ్లు గూగుల్‌ల ఒక స్టార్ వేస్తరు. నేనైతే ఐదు వేస్త. అన్ని రకాలు, అన్ని వేళల, ఎప్పుడంటే అప్పుడు దొరకాలని పట్టుపట్టేది మనమే గదా, 180 రకాల మెనూకు సగం బాధ్యత గిరాకీదే.

ఆర్డర్ చెప్పుడుల సుత మనం చేసే పొరపాట్లున్నయి. ఆరుగురు కూసొని ఒకేసారి ఎనిమిది నాన్‌లు చెప్తరు. నాన్ తందూరుల నిమిషం, నిమిషంన్నరల కాలుతది, బయటికొచ్చినంక నాలుగైదు నిమిషాలకు తోలు లెక్క సాగుతది. రెండు రెండుగ చెప్పాలె, మొదటివి తినుకుంట తర్వాతి రెండు చెప్పాలె. స్టార్టర్లు, కూరలు ఒకేసారి చెప్పి ఊకుంటే అన్నీ ఒకేసారి వస్తయి, వెయిటర్ తప్పు కాదది, వంటింట్లకు పోయిన చిట్టీ మీద సమయం రాసి ఉండది. ‘స్టార్టర్లు సగమైనంక కూరలు పెట్టు తమ్మీ’ అని నోటితోటి చెప్పాలె. శని, ఆదివారాలు ఎనిమిదిన్నర నుంచి తొమ్మిదిన్నర నడుమ పోతే ఎంత మంచి వంటిల్లైనా తడబడతది, తందూరు ఒక్కటే ఉంటది, టేబుళ్లు ఇరవై ఉంటయి. ఏడుంబావుకు కూసున్నోళ్లకు అదే మాస్టర్ చేతుల వేరే రుచి దొరుకుతది, నూనె కూడ అప్పుడే పోసింది ఉంటది. నూనె మాట ఎత్తినం గాబట్టి: పోలార్ కాంపౌండ్లు (మళ్లీ మళ్లీ కాగిన నూనెల పుట్టే చెడ్డ పదార్థాలు) 25 శాతం దాటిన నూనె వాడొద్దని 2018 నుంచి నిబంధన ఉన్నది. ఆ కొలత మీ చేతుల ఉండది గాని, స్టార్టర్ తిన్న తర్వాత నాలుకకు జిగురు పొర పట్టి, నీళ్లు తాగినా పోకపోతే అర్థం చేసుకోన్రి.

ఇగ మన ఊరికి తగ్గ బ్రాసరీ ఎట్లుండాలంటే, ఒక్క పేజీ, పాతిక వంటలు. గోలిచ్చిన మాంసం, జొన్నరొట్టె. మాంసం తన నీళ్లల తనే ఉడికి, ఆ నీళ్లు ఇంకినంక నూనెల గోలేది గాబట్టి గ్రేవీ గంజుతోటి పనే లేదు, మళ్లీ వేడి చేసినా రుచి చెడదు. బగారన్నం, చిన్న గిన్నెల పచ్చిపులుసు. నాటుకోడి పులుసు వారానికి మూడు రోజులే, ఎందుకంటే నాటుకోడి మెత్తబడేందుకు గంట పైన పడుతది. 15 నిమిషాలల్ల వస్తే కుక్కర్ల కూసొని వచ్చిందన్న అయ్యుండాలె, నాటుకోడి కాకపోయన్న ఉండాలె.

సాయంత్రం సర్వపిండి. దీన్ని మెనూల పెట్టినోళ్లల్ల చానామంది నూనెల ముంచి గారె లెక్క తీస్తరు. బియ్యప్పిండి, నానిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, ఉల్లికాడలు కలిపి గంజుకు లోపలివైపు పలుచగ ఒత్తి, వేలితోటి చిల్లులు పెట్టి, చిల్లుల నూనె చుక్కలు వేసి, మూతపెట్టి సన్న మంట మీద పది, పదిహేను నిమిషాలు పెట్టాలె. హోటళ్లు ఎక్కడ దెబ్బతింటయంటే, ఒకటి తీసినంక ఆ గంజు చల్లారనిదే రెండోది ఒత్తరాదు, చెయ్యి కాలుతది, పిండి అంటుకోదు. ఒక్క గంజుతోటి గంటకు రెండు కూడ రావు. ఆరు గంజులు కొని వంతుల వారీగ తిప్పితే గంటకు పది దాక వస్తయి. ఆరు గంజుల లెక్క తెలియక సర్వపిండిని గారె చేసిన్రు!

చివరికి బిల్లు. మామూలు రెస్టారెంటుకు జీఎస్టీ 5 శాతం, కేంద్రానికి రెండున్నర, రాష్ట్రానికి రెండున్నర. జీఎస్టీ నంబరు 15 అక్షరాలు, తెలంగాణదైతే 36తోటి మొదలైతది. కంపోజిషన్ పథకంల (చిన్న వ్యాపారాలకు పెట్టిన సులువు పన్ను పద్ధతి) ఉన్న హోటల్ గిరాకీ దగ్గర జీఎస్టీ వసూలు చెయ్యరాదు, ఆ సంగతి బిల్లు మీద రాసి ఉండాలె. 14 అంకెల ఆహార లైసెన్సు నంబరు 2022 జనవరి నుంచి బిల్లు మీద తప్పనిసరి. జీఎస్టీ వేసి, ఈ రెండు నంబర్లు లేని కాగితం ఇస్తే అది బిల్లు కాదు, చిట్టీ.

సర్వీస్ ఛార్జ్ దగ్గర ఎక్కువ మంది మోసపోతరు. వెయ్యి రూపాయల తిండికి జీఎస్టీ తోటి 1050 కావాలె. 10 శాతం సర్వీస్ ఛార్జ్ కలిపితే 1100 అయితది, దాని మీద మళ్లీ 55 జీఎస్టీ పడి 1155. ఈ సర్వీస్ ఛార్జ్‌ను హోటల్ తనంతట తాను బిల్లుల కలుపరాదని, వేరే పేరుతోటి కూడ కలుపరాదని 2022 జులైల కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ చెప్పింది, 2025 మార్చిల ఢిల్లీ హైకోర్టు దాన్నే సమర్థించింది. ‘తీసెయ్యున్రి’ అని నిమ్మళంగ చెప్తే చాలాసార్లు తీసేస్తరు. తియ్యకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను. ఆ గొడవ వెయిటర్‌తోటి కాదు, కౌంటర్ల కూసున్నాయనతోటి పెట్టుకోవాలె. వడ్డించిన పిలగానికి ఇయ్యాలనిపించింది అతని చేతులనే పెట్టున్రి, కార్డు మిషన్ల టిప్పు అని నొక్కితే అది యజమాని ఖాతాల పడుతది, అక్కడ నుంచి అతనికి చేరేది ఎంతో ముందుగాల అతన్నే అడుగున్రి.