మా ఎమ్మెల్యే గారి ప్రోగ్రెస్ కార్డు

మెగా పేరెంట్ టీచర్ మీటింగుకని మా ఊరి సర్కారు బడికి శాసనసభ్యుల వారు విచ్చేశారు. శాలువా కప్పించుకున్నారు, పిల్లల పక్కన కూర్చుని భోజనం చేస్తున్నట్టు ఫొటోలు దిగారు, ఆనక మైకు అందుకున్నారు. తల్లిదండ్రులు పిల్లల ప్రోగ్రెస్ కార్డు శ్రద్ధగా చూడాలట. ఏ సబ్జెక్టులో ఎన్ని వచ్చాయో నిలదీసి అడగాలట. "మార్కులు దాచిపెట్టేవాడు జీవితంలో పైకి రాడు" అని కూడా సెలవిచ్చారు. జనం చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. ఆ మాట ఎంత అబద్ధమో చెప్పడానికి సాక్ష్యంగా ఆయనే స్వయంగా స్టేజీ మీద నిలబడి ఉన్నారు మరి.

ఆయన చెప్పినట్టే చేద్దామనుకున్నాను. పిల్లల కార్డులు పిల్లల తల్లిదండ్రులు చూసుకుంటారు. ఎమ్మెల్యేకి ఓటేసిన పాపానికి ఎమ్మెల్యే కార్డు నేను చూడాలి కదా. ఈ మధ్య మన ఆంధ్రప్రదేశ్ బడుల్లో మీడియం మారింది, బోర్డు మారింది, తరగతులు ఒక బడి నుంచి ఇంకో బడికి మారాయి, కొన్ని మళ్లీ వెనక్కి మారాయి. ఈ గందరగోళంలో సభ ముందుకు వచ్చిన ఇంగ్లీషు మీడియం బిల్లు మీద మా నాయకుడు ఏమని ఓటేశారు? అప్పుడు ఒక పార్టీ, ఇప్పుడు ఇంకో పార్టీ, మనిషి మాత్రం ఒకరే కాబట్టి వెతకడం తేలికే అనుకున్నాను. ఆయన పేరు, దాని పక్కన అవును అనో కాదు అనో రాసి ఉన్న కాగితం ఎక్కడా కనిపించలేదు. ఆయనదే కాదు, ఎవరిదీ కనిపించలేదు.

ఎందుకంటే మనది మూజువాణి ప్రజాస్వామ్యం. స్పీకరు గారు "అనుకూలంగా ఉన్నవారు అవును అనండి" అంటారు. ఒక హోరు. "వ్యతిరేకంగా ఉన్నవారు కాదు అనండి" అంటారు. ఇంకో హోరు, లేదా వాకౌట్ చేసినవాళ్ల ఖాళీ కుర్చీలు. అవును అన్నవారిదే నెగ్గింది, బిల్లు పాసైంది. అర నిమిషం పని. లక్షల మంది పిల్లలు ఏ భాషలో లెక్కలు నేర్చుకోవాలో ఆ అర నిమిషంలో తేలిపోతుంది. నాకు ఓటేసినప్పుడు వేలికి సిరా పూస్తారు, వారం దాకా పోదు. అసెంబ్లీలో 175 మంది ఓటేస్తే ఒక్కరికీ మరక అంటదు. ఇంత శుభ్రమైన పద్ధతి కనిపెట్టిన మహానుభావుడికి విగ్రహం ఎందుకు పెట్టలేదో తెలియదు.

రాబోయే తరాల పరిశోధకుల గురించి మాత్రం నాకు టెన్షన్‌గా ఉంది. వందేళ్ల తర్వాత ఒక కుర్రాడు "ఆంధ్రప్రదేశ్ శాసనసభలో బడి చదువులపై ఓటు" అనే అంశం మీద పీహెచ్‌డీకి చేరతాడు. రికార్డు లేదు, టేపు ఉంది. చెవులకి హెడ్‌ఫోన్ పెట్టుకుని అర నిమిషం టేపుని ఆరేళ్లు వింటాడు. మొదటి అవును స్పష్టంగా ఉంది, ముందు వరుసది, మంత్రి పదవి కోసం చూస్తున్న గొంతు. రెండోది కాస్త ఆలస్యంగా వచ్చింది. అది ఈ బిల్లుకి చెప్పిందా, ఇంతకు ముందు పాసైన బిల్లుకి చెప్పి ఇప్పుడు పూర్తి చేసిందా? మూడోది ఆవులింతలో పుట్టి ఆవులింతలోనే కలిసిపోయింది. నాలుగోది గట్టిగానే ఉంది గానీ దాని వెనకాలే "రిజిస్ట్రేషన్ అయిపోయింది, మిగతాది రేపు పంపుతానన్నాడు" అని వినిపిస్తోంది. ఫోనులో చెప్పిన అవునుని సభలో చెప్పిన అవునుగా లెక్కించవచ్చా? దీని మీద గైడుకీ కుర్రాడికీ మాటామాటా పెరిగి గైడు మారతారు. కొత్త గైడు ఐదో అవును దగ్గర పట్టుబడతారు. ఎవరో టీలో పంచదార వద్దన్నారు కదా అని అడిగితే ఎవరో అవునన్నారు. ఆ ఒక్క అవును తీసేస్తే బిల్లు నెగ్గేదేనా?

వైవా రోజున ఒక నాయకుడి మునిమనవడు లాయరుని వెంటబెట్టుకుని వస్తాడు. ఆ అవును మా ముత్తాతది కానే కాదు, ఆయన గొంతు జీర, పైగా ఆయన జీవితాంతం తెలుగు మీడియం కోసం పోరాడిన మనిషి అంటాడు. గాలి మళ్లీ తిరిగి ఇంగ్లీషు వైపు వీస్తే అదే మునిమనవడు అదే టేపు పట్టుకొచ్చి, ఆ హోరులో అందరికంటే గట్టిగా వినబడేది మా ముత్తాతే అంటాడు. రెండు సార్లూ గెలుస్తాడు. కుర్రాడికి డాక్టరేటు వస్తుంది. థీసిస్‌లో నాలుగో అధ్యాయం పేరు "వెనక వరుసలో ఒక దగ్గు: రాజకీయ నేపథ్యం".

నవ్వుకోండి. అసలు చరిత్ర దీనికేం తీసిపోదు. 2019 నవంబరులో 81వ నంబరు జీవో వచ్చింది. సర్కారు బడుల్లో ఒకటి నుంచి ఎనిమిది దాకా ఇక ఇంగ్లీషు మీడియమే అంది. నెల తిరక్కుండా 85వ నంబరు జీవో వచ్చి ఎనిమిదిని ఆరు చేసింది. ఎనిమిది ఎందుకనుకున్నారో, ఆరు ఎందుకైందో అడక్కండి. అంతకు ముందు 2017లో మునిసిపల్ బడులను ఇంగ్లీషులోకి మార్చబోయి భాషాభిమానులతో మాటలు పడింది టీడీపీ ప్రభుత్వం. ఈ జీవోల తర్వాత విద్యా చట్టానికి సవరణ బిల్లు కౌన్సిల్‌కి, అంటే శాసనమండలికి, వెళ్లేసరికి అక్కడ అదే టీడీపీకి మెజారిటీ. ఏ మీడియం కావాలో తల్లిదండ్రులను ఎంచుకోనివ్వండి అని ఆ సభ సవరణ పెట్టి తిప్పి పంపింది. 2020 జనవరిలో అసెంబ్లీ ఆ సవరణ అక్కర్లేదంది. ఏప్రిల్ 15న హైకోర్టు రెండు జీవోలనూ కొట్టేసింది. తెలంగాణ కూడా తక్కువేం తినలేదు. 2018లో ప్రతి బడిలో తెలుగు తప్పనిసరి అని చట్టం చేసింది, 2022-23 నుంచి సర్కారు బడుల్లో ఇంగ్లీషు మీడియం పెట్టింది.

ఇందులో ఏ ఒక్క నిర్ణయమూ మూర్ఖత్వమని నేను అనను. మాతృభాషలో చదువు వీలైనంత వరకు ఉండాలని విద్యాహక్కు చట్టంలోనే రాసి ఉంది. ఇంగ్లీషు రాకపోతే పిల్లాడి గతేమిటని అడిగే తల్లి మాటలోనూ నిజం ఉంది. అప్పటి ముఖ్యమంత్రి తన విమర్శకులని, మీ పిల్లలు, మనవళ్లు ఏ మీడియంలో చదువుతున్నారని అడిగారు. మంచి ప్రశ్న. దాన్ని రెండు వైపులా కూర్చున్న 175 మందికీ వేసి, జవాబు పక్కన వాళ్ల ఓటు కూడా రాసి పెట్టి ఉంటే ఇంకా మంచి ప్రశ్న అయ్యేది.

హైకోర్టు తీర్పు తర్వాత ప్రభుత్వం తల్లిదండ్రుల దగ్గరికే ఫారాలు పంపించింది. ఇంగ్లీషా, తెలుగా, ఇంకో భాషా, టిక్కు పెట్టి సంతకం చేయమంది. 96 శాతం పైగా ఇంగ్లీషే కావాలన్నారని లెక్క చెప్పింది. ఆ లెక్క మీద మీకు అనుమానాలుంటే ఉండనివ్వండి. నేను చెప్పేది వేరే. కూలికి వెళ్లే తల్లి నిలబడి ఆ ఫారం మీద తన పేరు రాయించి తన అభిప్రాయం చెప్పింది. దానికి జీతం తీసుకునే శాసనసభ్యుడు హోరులో కలిసిపోయాడు.

లెక్క పెట్టడం రాదనుకుంటే పొరపాటు. కౌన్సిల్ బిల్లులకి అడ్డం పడుతోందని కోపం వచ్చినప్పుడు, 2020 జనవరి 27న, ఆ కౌన్సిల్‌నే రద్దు చేయమని అసెంబ్లీ తీర్మానం చేసింది. దానికి మొత్తం సభ్యుల్లో మెజారిటీ, హాజరై ఓటేసిన వారిలో మూడింట రెండొంతులు ఉండాలని రాజ్యాంగం 169వ అధికరణ అంటుంది. అందుకని ఆ రోజు మూజువాణితో సరిపెట్టలేదు, చక్కగా లెక్కపెట్టారు. అనుకూలం 133, వ్యతిరేకం సున్నా. ఉపాధ్యాయులు ఎన్నుకున్న సభ్యులు కూర్చునే సభ కదా అది, రద్దు చేయడానికి లెక్కలు బాగానే వచ్చాయి. 2021 నవంబరు 23న అదే అసెంబ్లీ, అబ్బే, కౌన్సిల్ ఉండనివ్వండి అని ఇంకో తీర్మానం చేసింది.

ఇక బొత్తిగా నాగరికత లేని ఒక రాష్ట్రం గురించి చెబుతాను. అమెరికాలో ఓక్లహోమా. డల్లాస్‌లో ఉన్న మనవాళ్లు కారెక్కితే గంటన్నర లోపే సరిహద్దు దాటతారు. ఏ తరగతి పిల్లలకి ఇంగ్లీషులో, లెక్కల్లో ఏం రావాలో చెప్పే కామన్ కోర్ అనే ఉమ్మడి ప్రమాణాలు అక్కడ 2010లో వచ్చాయి. నలభైకి పైగా రాష్ట్రాలు తలూపాయి, ఓక్లహోమా కూడా. నాలుగేళ్లలో గాలి తిరిగింది. 2014 మార్చిలో ఇండియానా బయటికి వచ్చేసింది, మేలో ఓక్లహోమా 3399వ నంబరు బిల్లు తెచ్చింది. కింది సభలో 71–18, సెనేటులో 31–10. జూన్‌లో సంతకం పెట్టిన గవర్నరు మేరీ ఫాలిన్, ఆ ప్రమాణాలని పుట్టించిన గవర్నర్ల సంఘానికి అప్పట్లో అధ్యక్షురాలు. గోడ దూకడం ఒక్క మన సొత్తే కాదని చదువరులు సంతోషించవచ్చు.

ఘోరం ఏమిటంటే, ఆ 71 మందీ ఎవరు, ఆ 18 మందీ ఎవరు అన్నది పేరుపేరునా సభ జర్నల్‌లో ఉంటుంది. పూర్వం కామన్ కోర్‌కి అవునని, ఇప్పుడు రద్దుకీ అవునన్న పెద్దమనిషి ఉంటే, ఎదుటి అభ్యర్థి రెండు తేదీలూ కరపత్రం మీద అచ్చేసి ఇంటింటికీ పంచవచ్చు. సంఘాలు కూర్చుని శాసనసభ్యులకి ఏ, బీ, సీ అని గ్రేడులు వేస్తాయి. పోనీ దానివల్ల వాళ్లకేమైనా జ్ఞానం వచ్చిందా అంటే, రద్దు చేశాక పాత ప్రమాణాలకే తిరిగి వెళ్లారు, అవి చాలవని అక్కడి కేంద్ర ప్రభుత్వం 'నో చైల్డ్ లెఫ్ట్ బిహైండ్' అనే బడి చదువుల చట్టం నుంచి తానిచ్చిన మినహాయింపు ఆగస్టులో లాగేసుకుంది, నవంబరులో మళ్లీ ఇచ్చింది. రికార్డు ఉన్నంత మాత్రాన బుద్ధి రాదు. ఎవరికి రాలేదో తెలుస్తుంది, అంతే.

మన దగ్గర అలా కుదరదు, విప్ అనే పార్టీ ఆదేశం ఉంటుంది, ధిక్కరిస్తే రాజ్యాంగంలోని పదో షెడ్యూలు, అంటే ఫిరాయింపుల చట్టం, కింద పదవి పోతుంది అంటారు తెలిసినవాళ్లు. పార్టీ చెప్పినట్టే వేయాలి కాబట్టి విడిగా రికార్డు ఎందుకట. ఇదే నాకు అన్నిటికంటే ముద్దొచ్చే వాదన. విప్ ధిక్కరించాడని పదవి తీసేయాలంటే ఎటు ఓటేశాడో ఎవరో ఒకరికి తెలియాలి కదా. తెలుస్తుంది, పార్టీకి. రాజ్యసభ ఎన్నికలు చూడండి. 2003లో చట్టం మార్చాక, ఎమ్మెల్యే బ్యాలెట్ మీద రాసి పెట్టెలో వేసే ముందు తన పార్టీ ఏజెంటుకి చూపించి మరీ వేయాలి. అంటే చూపించే అలవాటు మా నాయకుడికి ఉంది. ఎండలో నిలబడి ఆయన్ని గెలిపించిన వాళ్లకి చూపించే అలవాటే లేదు.

పైగా నేను చెబుతున్నది ఓటుకి వచ్చిన వాటి గురించి. చాలావి ఆ అర నిమిషం హోరుకి కూడా నోచుకోలేదు. మూడో తరగతి పిల్లలకి టోఫెల్ అనే ఇంగ్లీషు పరీక్ష అన్నారు, తీసేశారు. 2022లో 117వ నంబరు జీవో పెట్టి మూడు, నాలుగు, ఐదు తరగతుల పిల్లలని హైస్కూలుకి నడిపించారు, 2025లో ఆ జీవో ఎత్తేశారు. 2024 జనవరిలో ఐబీ (ఇంటర్నేషనల్ బాకలారియేట్) అనే విదేశీ సిలబస్ వాళ్లతో ఒప్పందం మీద సంతకాలు, చప్పట్లు. ఇప్పుడా ఊసే లేదు. అన్నీ జీవోలు, ఒప్పందాలు. ఇన్నిసార్లు బడిని తలకిందులు చేస్తుంటే మా ఎమ్మెల్యే గారు సభలో ఏం చేస్తున్నారు? అవుననడానికి కూడా ఎవరూ అడగలేదు, పాపం.

2022లో వెయ్యి సర్కారు బడులని సీబీఎస్‌ఈలో కలిపారు. ఆ ఏడు ఎనిమిదో తరగతిలో ఉన్న పిల్లలు అదే పద్ధతిలో ఎనిమిది చదివారు, తొమ్మిది చదివారు. పదిలోకి వచ్చారు. 2024 సెప్టెంబరులో, బోర్డు పరీక్షకి ఆరు నెలల ముందు, ప్రభుత్వం మారింది కాబట్టి బోర్డూ మారింది. మళ్లీ రాష్ట్ర బోర్డు పరీక్షే రాయండి అన్నారు. పిల్లలు వెనకబడ్డారు, సీబీఎస్‌ఈ పరీక్ష తట్టుకోలేరు అన్నారు. నిజమే కావచ్చు. అయితే రెండేళ్లు వాళ్ల మీద ఆ ప్రయోగం చేసింది ఎవరు? టీచర్లకి సరైన శిక్షణ ఇవ్వకుండా బోర్డు పేరు మార్చి గోడకి రంగులేసింది ఎవరు? ఆపండి, ముందు టీచర్లని తయారు చేయండి అని ఒక్కడు, ఒక్క మగాడో ఆడమనిషో, సభలో లేచి తన పేరు మీద రికార్డు చేయమని అడిగారా? ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదుటి పేజీలో తెలుగు అచ్చేసిన పుస్తకం ఒళ్లో పెట్టుకుని, తెలుగు వైపు అర్థం చేసుకుని, ఇంగ్లీషు వైపు బట్టీ పట్టి, ఆ పిల్లలు పరీక్ష రాశారు. వాళ్ల హాల్ టికెట్ మీద పేరుంది, ఫొటో ఉంది, నంబరు ఉంది. తప్పితే తప్పినట్టు ఊరంతా తెలుస్తుంది. పద్నాలుగేళ్ల పిల్ల జవాబు పేపరు దిద్ది, కూడి, మార్కులు లోకానికి చెప్పే వ్యవస్థకి, యాభై ఏళ్ల మనిషి నోటి నుంచి వచ్చిన ఒక్క మాట రాసి పెట్టడానికి కాగితం దొరకలేదు. సిగ్గు లేకపోతే సరి.

కోపం తగ్గాక ఎమ్మెల్యే గారి పీఏకి ఫోన్ చేశాను. సార్ ఇంగ్లీషు మీడియం బిల్లు మీద ఏమని ఓటేశారో తెలుసుకోవాలని ఉందండీ అన్నాను. అటు నుంచి కాసేపు మాట లేదు.

"ఏం ఓటండీ?"

అసెంబ్లీలో అన్నాను.

"పార్టీ ఎటంటే సారూ అటేనండీ, వేరే ఏముంటుంది. మీరు టీచరా? ట్రాన్స్‌ఫర్ లెటర్ కావాలంటే ఏడు దాటాక రండి. సారు లేకపోయినా పర్లేదు, సంతకాలు పెట్టిన లెటర్‌హెడ్లు నా దగ్గర కట్ట ఉంది."