నెలకెంత వస్తది భాయ్?

ఇస్లామిక్ బ్యాంకా, ఇస్లామిక్ ఫిన్‌టెక్కా? పెట్టుబడిదారుల మొగ్గు ఎటు అని పండితులు పేజీలకు పేజీలు రాస్తున్నారు. పాపం, వాళ్లలో ఒక్కరూ మా ధర్మాబాద్ మిర్చి బజారుకు వచ్చినట్టు లేదు. వస్తే ఒక్క పూటలో తేలిపోయేది.

ముందు బ్యాంకు సంగతి. ఇస్లాంలో మిత్తి నిషిద్ధం కాబట్టి మిత్తి లేకుండా నడిచే బ్యాంకు ఇది. దుబాయ్‌లో 1975లోనే పెట్టారు. మన దగ్గర 2008లో రఘురామ్ రాజన్ కమిటీ మిత్తి లేని బ్యాంకింగ్ ఉండాలంది. 2017కి వచ్చేసరికి రిజర్వు బ్యాంకు ఆ ఆలోచనే పక్కన పెట్టేసింది. అందుకే మావాళ్లకు దాని మీద చాలా గట్టి అభిప్రాయాలున్నాయి. లేని బ్యాంకును తిడితే ఏ మేనేజరూ నొచ్చుకోడు కదా!

మొన్న అడ్తి దుకాణంలో మురాబహా అనే పద్ధతి మీద పంచాయితీ నడిచింది. అందులో లక్ష పెట్టి కారం గిర్నీని బ్యాంకే కొంటుంది. దాన్ని మనకు లక్షా పన్నెండు వేలకు అమ్ముతుంది, మనం వాయిదాల్లో కడతాం. "నూటికి రూపాయి మిత్తి లెక్కేసినా ఏడాదికి గంతేనాయె, ఫరక్ ఏముంది చాచా?" అన్నాడో కుర్రాడు. ఫరక్ ఉంది. ఒకసారి ధర ఖాయమయ్యాక అది పెరగదు, మిత్తి మీద మిత్తి పుట్టదు. ఆలస్యమైతే వేసే జరిమానా కూడా దానధర్మాలకు పోవాలి తప్ప బ్యాంకు లాభంలో కలవకూడదు. ఇదంతా చాచా ఓపిగ్గా చెప్పాడు. కుర్రాడు మాత్రం సావుకారు దగ్గరే తెచ్చుకున్నాడు, అక్కడ కాగితాలు అడగరట.

ఇక ఫిన్‌టెక్, అంటే ఫోన్‌లో యాప్. మద్యం, జూదం, మిత్తి వ్యాపారం చేసే కంపెనీలను జల్లెడ పట్టి, మిగిలిన వాటి షేర్లు చూపిస్తుంది. ఇదీ బాగానే ఉంది. చిక్కంతా మావాళ్లు హిందూ, ముస్లిం తేడా లేకుండా అడిగే మొదటి ప్రశ్నతోనే: "నెలకెంత?" వచ్చిన లాభాన్ని బట్టి అంటుంది బ్యాంకు. మార్కెట్‌ను బట్టి అంటుంది యాప్. ఒకరు సొమ్ము పెడితే ఇంకొకరు వ్యాపారం చేసే ముదారబా పొత్తులోనైతే లాభం పంచుకోవాలి, నష్టం వస్తే సొమ్ము పెట్టినవాడే భరించాలి. అది వినగానే దుకాణం సగం ఖాళీ.

ఇంత అని ఖాయంగా చెప్పేవాడు ఎప్పుడూ మూడోవాడే. హలాల్ పెట్టుబడి పేరు చెప్పిన ఐఎంఏ అనే కంపెనీ 2019లో బెంగళూరులో కుప్పకూలి వేలమందిని ముంచింది. అయినా మూడోవాడికి మా బజారులో గిరాకీ తగ్గలేదు.

కాబట్టి పండితులకు నా మనవి. మీ ప్రశ్నపత్రంలో బ్యాంకు, ఫిన్‌టెక్ అని రెండు గడులే చాలవు. "నెలనెలా ఖాయంగా ఇస్తాం" అని మూడో గడి కూడా పెట్టండి. బజారంతా అక్కడే టిక్కు కొడుతుంది. కొట్టి, నెలకెంతో రాయలేదేమని మిమ్మల్నే అడుగుతుంది.