జూన్‌లో యూల్ చేసుకునేవాళ్లు

ఆస్ట్రేలియాలో చాలామంది పేగన్లు, అంటే క్రైస్తవానికి ముందటి యూరప్ మతాల స్ఫూర్తితో నడిచేవాళ్లు, యూల్ పండుగని జూన్‌లో చేసుకుంటారు. ఏడాదిలో అతి పొడవైన రాత్రికి జరిపే పండుగ అది, యూరప్‌లో డిసెంబర్ 21 ప్రాంతంలో వస్తుంది. పండుగ వచ్చింది యూరప్ నుంచే అయినా తేదీని మాత్రం పట్టుకు వేలాడలేదు వీళ్లు, తమ నేల మీద చలికాలం ఎప్పుడైతే అప్పుడే పండుగ అన్నారు. పేగనిజం వైపు జనం ఎందుకు వెళ్తున్నారని ఎవరైనా అడిగితే నేను మొదట చెప్పేది ఈ జూన్ పండుగ గురించే.

వెళ్తున్న మాట నిజం. ఇంగ్లాండ్, వేల్స్‌లో 2011 జనాభా లెక్కల్లో పేగన్ అని రాసుకున్నవాళ్లు సుమారు 57 వేలు, 2021కి 74 వేలయ్యారు, పేగనిజంలో ఒక శాఖైన విక్కా పేరు రాసినవాళ్లు ఇంకో 13 వేలు. దీనికి మామూలుగా చెప్పే కారణాలు మనకి తెలిసినవే: చర్చి మీద కోపం, మంత్రాల మీద మోజు, సోషల్ మీడియా ఫ్యాషన్. కొందరి విషయంలో అవి సరిపోతాయేమో. కానీ చలిలో, చీకట్లో, ఫోటో కూడా సరిగ్గా రాని చోట ఏటా వచ్చి మంట చుట్టూ నిలబడేవాళ్ల గురించి అవి ఏమీ చెప్పవు.

నా దృష్టిలో అసలు ఆకర్షణ ఇది: అక్కడ గుమ్మంలోనే ఆపి "నమ్ముతావా, లేదా?" అని అడగరు. దేవతలు నిజంగా ఉన్నారనేవాళ్లు, అవి మన మనసులోని ప్రతీకలనేవాళ్లు, దేవుడే లేడనేవాళ్లు కూడా ఒకే వలయంలో పక్కపక్కన నిలబడతారు. నమ్మకం తర్వాత సంగతి, ముందు చేయాల్సిన పని ఒకటుంటుంది. ఇవాళ చంద్రుడు ఎక్కడున్నాడు, ఏ చెట్టు చిగురు వేసింది, పగలు ఎంత తగ్గింది, ఇవి చూడాలి. అక్టోబర్ 31న సామైన్, చనిపోయినవాళ్లని తలుచుకునే రోజు. ఫిబ్రవరి మొదట్లో ఇంబోల్క్, మే 1న బెల్టేన్, ఇలా సుమారు ఆరేడు వారాలకో పండుగ చొప్పున ఎనిమిది. ఈ దారిలోకి వచ్చినవాళ్లలో చాలామంది "మతం మారాను" అనరు, "ఇంటికొచ్చినట్టుంది" అంటారు. ఆ మాట నన్ను కదిలిస్తుంది, ఎందుకంటే కొత్త సిద్ధాంతం నేర్చుకున్న మనిషి అలా మాట్లాడడు.

ఇదంతా నిన్న మొన్న కల్పించిందే అనేవాళ్లున్నారు. ఆ మాటలో నిజముంది. 1951లో బ్రిటన్ మంత్రవిద్య చట్టాన్ని రద్దు చేశాకే జెరాల్డ్ గార్డ్‌నర్ విక్కాని జనం ముందుకు తెచ్చారు, ఎనిమిది పండుగల చక్రం కూడా ఆ దశాబ్దంలోనే కుదిరింది, ప్రాచీన కాలం నుంచి తెగకుండా వచ్చిన పరంపరేమీ లేదని చరిత్రకారుడు రొనాల్డ్ హట్టన్ ఆధారాలతో చూపించారు. అయితే ఏంటి? సూర్యుడు కొత్తవాడు కాదుగా. నార్స్, అంటే పాత స్కాండినేవియా చిహ్నాల్ని జాత్యహంకారులు వాడుకోవడం అంతకన్నా పెద్ద సమస్య, ఐస్‌లాండ్‌లో 1972లో మొదలైన, నార్స్ దేవతల్ని కొలిచే ఆసాట్రూ సంఘం దాన్ని బహిరంగంగానే ఖండించింది, మిగతావాళ్లు కూడా అంత గట్టిగా ఖండించాలి.

నేను ఇంకొంచెం ముందుకెళ్తాను. మన కాలం మన చేతుల్లో లేదు. అర్ధరాత్రి కూడా పగల్లాంటి వెలుతురు, ఏ నెలలో చూసినా అదే ఏసీ, అదే డెడ్‌లైన్, అదే టెన్షన్. వారానికీ వారానికీ తేడా తెలిపేది జీతం పడే తేదీ, సేల్ మొదలయ్యే తేదీ. చీకటి పడితే ఆగిపోవచ్చన్న సంగతే మర్చిపోయాం. పేగన్ అన్న మాటకి మూలమైన లాటిన్ పదం పగానుస్‌కి పల్లె మనిషి అన్న అర్థం ఉండేది. ఇవాళ అపార్ట్‌మెంట్‌లో ఉండి, కిటికీలోంచి చంద్రుణ్ణి వెతుక్కునే మనిషి ఆ పేరుని ఇష్టంగా పెట్టుకుంటున్నాడంటే, ఆఫీసు గడియారం లాక్కున్న ఏడాదిని తిరిగి అడుగుతున్నాడనే నేను అనుకుంటాను.

1985లో ఇంగ్లాండ్‌లోని ప్రాచీన రాతి వలయం స్టోన్‌హెంజ్‌కి బయల్దేరిన జనాన్ని పోలీసులు అడ్డుకుని ఐదు వందల మందికి పైగా అరెస్టు చేశారు, ఆ తర్వాత చాలా ఏళ్లు అయనాంతం రోజున రాళ్ల దగ్గరికి జనాన్ని రానివ్వలేదు. 2000 నుంచి మళ్లీ రానిస్తున్నారు. జూన్‌లో అతి పొట్టి రాత్రంతా వేల మంది అక్కడే మేలుకుని ఉంటారు. ఒక్కోసారి మబ్బు పట్టి సూర్యుడు కనపడనే కనపడడు. అయినా తెల్లవారేదాకా తూర్పు వైపే చూస్తూ నిలబడతారు.