గ్రేట్‌యాక్స్ గారికి ఒక గోచీ నైట్ విన్నపం

డార్క్ సోల్స్ వీడియో గేమ్‌లో భారీ గొడ్డలిగా వెలిగే మహారాజశ్రీ డ్రాగన్ కింగ్ గ్రేట్‌యాక్స్ గారికి నమస్కరించి వ్రాయు విన్నపములు. ఉభయకుశలోపరి అందామంటే, క్షేమంగా ఉన్నది తమరొక్కరే. నిన్న ఆదివారం అన్నం తిని ఆటకు కూర్చున్నవాణ్ణి, దీపాలు పెట్టేవేళకి పద్నాలుగుసార్లు చచ్చాను.

నన్ను చంపిన జంట శత్రువులు ఆర్న్‌స్టీన్, స్మౌల తప్పేం లేదు. హాలు ఆ చివర్నుంచి ఆర్న్‌స్టీన్ ఈటె పట్టుకుని దూసుకొచ్చి, నన్ను పొడిచి, పక్కకు తప్పుకుంటాడు. తమరు మాత్రం అలిగిన అల్లుడు పీట మీంచి లేచినట్టు ఇంకా లేస్తూనే ఉంటారు.

ఏ ముహూర్తాన ఆ గేపింగ్ డ్రాగన్ తోక నరికానో! అప్పటికే బాసిలిస్కుల శాపం తగిలి సగం ప్రాణంతో ఉన్నాను. అది కక్కిన యాసిడ్‌కి కవచం పాడైంది. తోక తెగకముందే డ్రాగన్ చస్తే ఆ ఆటలో ఇక తమరి దర్శనం లేనట్టే. అందుకని చంపగలిగీ చంపకుండా తోక చుట్టూ తిరిగాను. తెగింది. తెర మీద తమరి పేరు పడింది. నేను అరిచిన అరుపుకి మా అమ్మ గరిటెతో పరిగెత్తుకొచ్చింది.

తీరా చూస్తే తమర్ని ఒంటిచేత్తో ఎత్తడానికి 50 స్ట్రెంగ్త్, అంటే బలం, కావాలట. రెండు చేతులతో అయితే 34. నైట్‌గా మొదలుపెట్టిన నాకున్నది 11. సరే, 23 లెవెళ్ళు తమరికే ధారపోశాను. దెబ్బ 380. ఇంకా బలం పెంచితే దెబ్బ కూడా పెరుగుతుందని ఆశపడి 50 దాకా లాగాను.

380.

ఏవయ్యా, ఒక్కటంటే ఒక్కటి పెరగలేదేం? బలం చూసి గానీ చేతికి రానన్నవాడివి, ఆ బలంతో నీకేం సంబంధం లేదా? ఆ డీమన్స్ గ్రేట్‌యాక్స్‌ని చూడు, పోసిన బలానికి లెక్క చెబుతుంది. నీకు 39 లెవెళ్ళు తినిపించాను. నా మోత సత్తువ, అదే ఎండ్యూరెన్స్, ఇంకా పదే! మోయగలిగేది 50, అందులో సగం దాటితే దెబ్బ తప్పించుకోడానికి బస్తాలా దొర్లాలి. అంటే 25. నీ బరువు 24. నా ఒంటి మీద బట్టకి మిగిలింది 1. నిదానంగా లేచే నీలాంటివాడికి దెబ్బ తగిలినా తూలకుండా నిలబెట్టే కవచం కావాలి, ఆ కవచం వేసుకునే చోటేమో నువ్వే మింగావు. (మోసే బరువు పెంచే హావెల్ ఉంగరం పెట్టుకోవచ్చుగా అనేవాళ్ళకి: అది దక్కాలంటే చంపాల్సిన హావెల్ దగ్గరికి వెళ్ళింది ఈ గోచీతోనే.)

నీ పదును పెంచడానికి మామూలు టైటనైట్ రాయి ఆనదు, డ్రాగన్ స్కేల్సే కావాలి. లోపలి శక్తి బయటపెట్టి ఒక దెబ్బ కొడితే అరుగుతావు, రిపేరు ఖర్చు నాది.

రాత్రి కోపం పట్టలేక, వచ్చిన దారంతా వెనక్కి వెళ్ళి, వస్తువులు మింగి బదులుగా సోల్స్ అనే సొమ్ము ఇచ్చే ఫ్రాంప్ట్ ముందు నిలబడ్డాను. వాడు నోరు తెరిచాడు. లిస్టులో నీ పేరు దాకా వచ్చాను. పద్నాలుగో చావుకి ముందు ఒక్కసారి స్మౌ బొజ్జ మీద సరిగ్గా పడ్డావు చూడు, ఆ చప్పుడు చెవుల్లోంచి పోలేదు. మెనూ మూసేశాను.

వచ్చే ఆదివారం కాస్త తొందరగా లేవండి.

ఇట్లు,
తమరి గోచీ నైట్